ఒకటి నుంచి ఆరు, నాలుగు నుంచి పదహారు

రెండు స్కోపులూ బల్లమీద పక్కపక్కనే ఉన్నాయి, రైఫిల్ వాటి వెనక పాత దుప్పటిమీద అడ్డంగా ఉంది, అటవీశాఖ జీపు నాలుగింటికి వస్తుంది, గోడగడియారం మూడు దాటి రెండు నిమిషాలు చూపిస్తోంది. ఈ లోపల ఆ రెండింట్లో ఒకదాన్ని రైఫిల్‌కి బిగించి రెండోదాన్ని పెట్టెలో పెట్టెయ్యాలి, పని అంతే, అయిదు నిమిషాల పని, కాని తిరుమలరావు భోజనం దగ్గర్నుంచి లేచి వచ్చినప్పట్నుంచీ ఆ కుర్చీలోనే ఉన్నాడు, చేతులు మోకాళ్ళమీద పెట్టుకుని, ఎవరి ముందో జవాబు చెప్పవలసిన మనిషిలాగ. కిటికీకి కట్టిన కూలర్ తడిగడ్డి వాసనని గదిలోకి ఊదుతోంది. సర్కండా పేట అంతా ఈ వేళకి తలుపులు బిడాయించుకుని పడుకుంటుంది, మే నెల ఎండకి అర్పా నదిలో ఇసక తప్ప ఏమీ మిగలదు, వంతెన మీద ఆటోల మోత కూడా పల్చబడింది. ఒకటి నుంచి ఆరు. నాలుగు నుంచి పదహారు. తునికాకు కొయ్యడానికి వెళ్ళిన ఇద్దరు ఆడవాళ్ళని పదిహేను రోజుల తేడాలో చంపిన ఎలుగు అది. బోనులో పడలేదు, మత్తుసూదికి అందలేదు, చివరికి కాల్చెయ్యమని ఉత్తర్వు వచ్చింది, ఆ ఉత్తర్వులో మొదటి పేరు తనది, కింద సహాయకురాలిగా స్నేహితుడి కూతురు తనూజ పేరు. దానికి ఎడమ చెవి లేదు. ఆ అడవిలో ఎలుగులు పదో పన్నెండో ఉంటాయి, చెవి లేనిది ఒక్కటే, ఉత్తర్వు ఆ ఒక్కదానికే.

లెక్క తేలికే. ఒకటి నుంచి ఆరు రెట్ల దాకా పెద్దది చేసి చూపించే చిన్న స్కోపుని ఒకటి మీద పెడితే ముప్పై మీటర్ల దూరాన పదకొండు మీటర్ల వెడల్పు అడవి కనిపిస్తుంది, పొద కదిలితే తెలుస్తుంది, పొదలోంచి ఏది వస్తున్నా రెండు కళ్ళూ తెరిచి తుపాకి తిప్పుకోవచ్చు. పెద్దదాన్ని పదహారు మీద పెడితే అదే దూరాన మూరన్నర కనిపిస్తుంది. మూరన్నర ఎలుగు అంటే బొచ్చు. పోనీ వెలుగు సంగతి: ముందుగాజు వెడల్పుని రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగుచుక్క ఎంతో తెలుస్తుంది, ఇరవై నాలుగుని ఆరుతో భాగిస్తే నాలుగు మిల్లీమీటర్లు, యాభైని పదహారుతో భాగిస్తే మూడుకి కాస్త పైన, డెబ్బై ఏళ్ళ కనుపాప మసకలో ఎంత విప్పుకున్నా అయిదు దాటదు, కనక ఆరున్నర తర్వాత రెండూ చాలీచాలని వెలుగే ఇస్తాయి. ఎలుగు నీళ్ళకి దిగే వాగు దగ్గర మంచె నుంచి ఎదుటి గట్టుకి ముప్పై అయిదు మీటర్లు. చుట్టూ సాలచెట్లు, కింద పొదలు. పుస్తకం చదివిన ఏ మనిషిని అడిగినా, అడవిని చూసిన ఏ మనిషిని అడిగినా, చిన్నదే అంటాడు. తను కూడా ఇంకొకడికి చెప్పవలసివస్తే క్షణం ఆలోచించకుండా చిన్నదే అంటాడు. మరి చెయ్యి పెద్దదాని వైపు ఎందుకు వెళుతోంది?

భార్య అచ్చియమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి బల్లమీద పెట్టబోయి, ఆ సామానంతా చూసి, కిటికీ గట్టుమీద పెట్టింది.

"ఇంకా ఏటండీ తేల్లేదా? కూరలో ఉప్పెక్కువయిందో తక్కువయిందో సెప్పడానికి మీకు రెప్పపాటు సాలు. ఈ రెండు గొట్టాలకాడ మాత్రం గంట."

"తేల్చేస్తాను."

"మొన్న టీవీ వోడు రెండు రిమోట్లిచ్చినప్పుడూ ఇలాగే కూకున్నారు" అని ఆవిడ కొంగుతో మెడ తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆవిడకి అతని మౌనాలన్నీ ఒకే రకంగా కనిపిస్తాయి కాబోలు, ముప్పై ఎనిమిదేళ్ళ సిగ్నల్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగంలో అతను ఇంటికి తెచ్చిందల్లా ఆ మౌనమే. ఆ ఉద్యోగంలో తను చేసిన పనిని ఎవరైనా అడిగితే, చూపుకి హామీ ఇవ్వడం అని చెప్పేవాడు. స్తంభం ఎక్కి దీపం ముఖాన్ని వెంట్రుకవాసి పక్కకి తిప్పేవాడు, కిలోమీటరు అవతల బొగ్గుబండి నడిపేవాడికి ఎరుపు ఎరుపుగానే కనిపించాలి, దానికి దేవుడి దయతో పనిలేదు, అద్దం కోణంతో పని, అని తెలుగు సంఘం హాల్లో ఉపన్యాసాల్లో అనేవాడు. నాలుకమీద కర్పూరం వెలిగించి చూపించేవాడు. కొబ్బరికాయలోంచి రక్తం రప్పించి అందులో ఏ రసాయనం ఉందో చెప్పేవాడు. రుజువు చూపించండి, నమ్ముతాను, లేదా నమ్మను, మధ్యలో ఏమీ లేదు. పిల్లలు చప్పట్లు కొట్టేవారు, ముసలివాళ్ళు కోపంగా లేచిపోయేవారు, పైడిరాజు మాత్రం చివరి వరసలో కూర్చుని నవ్వుతూ ఉండేవాడు. తనూజ తండ్రి. రైఫిల్ క్లబ్బులో ముప్పై ఏళ్ళ జోడీ. నువ్వు మరీ అంత గట్టిగా మాట్లాడకు బావా, అనేవాడు, ఎప్పుడో ఒకప్పుడు నీ మాట నీకే అడ్డమొస్తాది. అడ్డం వచ్చింది. పైడిరాజుకి ఆ సంగతి తెలియకుండానే గుండె ఆగిపోయింది, దానికి తిరుమలరావు సంతోషించాడో విచారించాడో ఇప్పటికీ తేల్చుకోలేదు.

పదకొండేళ్ళ కిందట. రిటైరవడానికి ఏడాది ముందు. ఇప్పపూల కాలం, ఇలాంటిదే ఇంకో ఎలుగు, ఇలాంటిదే ఉత్తర్వు. ఆ ఎలుగు ముందరి ఎడమ పాదానికి రెండు గోళ్ళు లేవు, దుమ్ములో దాని అడుగు పడ్డచోటల్లా మూడు గీతలే ఉండేవి, అదే దాని ఆనవాలు. అప్పటి స్కోపు మూడు నుంచి తొమ్మిది. క్లబ్బు రేంజిలో కాగితం మీద జీరో చేసేటప్పుడు, అంటే గురి సరిచేసుకునేటప్పుడు, రెట్ల రింగుని తొమ్మిది మీద పెడతారు, చిల్లు స్పష్టంగా కనిపించాలని, అడవికి వెళ్ళేముందు దాన్ని మూడుకి దింపాలి, దింపడం మర్చిపోయాడు. తుపాకి పట్టనివాడు చెయ్యలేని తప్పు అది, శ్రద్ధగా జీరో చేసినవాడే చేస్తాడు. సాయంత్రం ఎలుగు పాతిక అడుగుల దూరంలో పొదలోంచి లేచినప్పుడు స్కోపు నిండా నల్లటి బొచ్చు తప్ప ఏమీ లేదు, భుజమో వీపో పిరుదో తెలియలేదు, పాదం సంగతి సరేసరి, కాల్చాడు. అది అరుచుకుంటూ వెళ్ళిపోయింది. తెల్లవారి నెత్తుటి జాడ వెంబడి మంగలూ అనే జాడగాడితో కలిసి వెళితే, వాగుమలుపులో పడి ఉంది. మంగలూ నలభై అడుగులు వెనక ఉన్నాడు, ముళ్ళలోంచి కాలు తీసుకుంటున్నాడు. తిరుమలరావు వంగి ముందరి ఎడమ పాదం ఎత్తి చూశాడు. అయిదు గోళ్ళూ ఉన్నాయి. దంతం రంగులో, పొడుగ్గా, మొన దగ్గర మట్టితో. ఆడ ఎలుగు. ఆ పాదాన్ని నెమ్మదిగా, నిద్రపోతున్న మనిషి చేతిని సర్దినట్టు, దాని డొక్క కిందికి మడిచి పెట్టాడు. పంచనామా రాసేవాడు ఆనవాలు అన్న గడి దగ్గర కలం ఆపి తలెత్తితే, చూశాను, సరిపోయింది అన్నాడు, సంతకం పెట్టాడు. ఊరివాళ్ళు బంతిపూల దండ వేశారు. ఆ దండ బరువు గుర్తులేదు, వాసన గుర్తుంది.

తొమ్మిదో రోజున సుక్వారో అనే ఆవిడ చీకటితోనే ఇప్పపూలు ఏరడానికి వెళ్ళింది. ఎలుగు చచ్చిందని కబురు వచ్చిన తర్వాతనే వెళ్ళింది. తలమీద తోలు లేకుండా దొరికింది, పక్కన గంపలో పూలు సగం దాకా ఉన్నాయట, దుమ్ములో మూడు గీతలు. చంపిన ఎలుగు మళ్ళీ లేచి వచ్చిందని ఊరు ఊరంతా నమ్మింది, దెయ్యాల్ని కట్టే మంత్రగాణ్ణి, బైగాని, పిలిచి కోళ్ళు కోసి చెట్లకి దారాలు కట్టించుకుంది. వానలు పడ్డాక ఆ ఎలుగు ఎటు పోయిందో ఎవరికీ తెలీదు, కనక బైగా గెలిచాడు. అప్పుడు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరో, విన్నారా రావుగారూ, మీ ఎలుగు దెయ్యమయిందట, అని నవ్వితే తను కూడా నవ్వాడు, మూఢనమ్మకం అన్నాడు. ఆ మాట అన్న నోటితోనే తర్వాత పదకొండేళ్ళు అన్నం తింటున్నాడు. సావకాశంగా ఆలోచిస్తే ఆ ఊరివాళ్ళు చేసింది శుద్ధమైన తర్కం. మూడుగోళ్ళ ఎలుగు చచ్చిందని చదువుకున్న మనిషి సంతకం పెట్టి చెప్పాడు. మూడుగోళ్ళ అడుగులు మళ్ళీ కనిపించాయి. రెండూ నిజమయితే చచ్చినది లేచి రావలసిందే, ఇంకో దారి లేదు. వాళ్ళ చేతికి అబద్ధపు రుజువు ఇచ్చినవాడు తను. జీవితంలో తను పుట్టించిన దెయ్యం అదొక్కటే, అది మాత్రం గట్టిగా నిలబడింది, ఇప్పటికీ ఆ వైపు సంతలకి వెళ్ళేవాళ్ళు ఆ మలుపు దగ్గర రాయి వేసి దాటుతారని విన్నాడు.

ఫోను మోగింది. తనూజ. సుదూరంగా స్టేషన్లో ఏదో బండి గురించి హిందీలో చెబుతున్న గొంతు వినిపిస్తోంది.

"మావయ్యా, డ్యూటీ దిగీసేను, జీపులోనే వస్తన్నాను. ఏది పెట్టేరు, సోలా వాలా పెద్దదేనా?"

"ఇంకా పెట్టలేదు."

"అరే, అందులో ఆలోచించీది ఏటుంది? నిన్న పదహారు మీద చూస్తే చిల్లు నా ముక్కు ముందరున్నట్టుంది. చెవి ఉందో లేదో సాఫ్‌గా కనిపిస్తాది కదా. ఎంత జూమ్ ఉంటే అంత మంచిది."

"రా, చెప్తాను."

"అచ్ఛా. అత్తయ్యని నా బాటిల్లో మజ్జిగ పొయ్యమనండి, ఉప్పెక్కువెయ్యొద్దనండి."

ఆట కోటాలో ఉద్యోగం వచ్చిన పిల్ల, ముప్పై నాలుగేళ్ళు, టిక్కెట్లు తనిఖీ చేస్తుంది, పోటీల్లో యాభై మీటర్ల దూరాన అరచేతంత నల్లచుక్కని చిన్న రంధ్రంలోంచి చూసి కొట్టి పతకాలు తెచ్చుకుంది, పోటీల్లో స్కోపు ఉండదు కనక స్కోపుల సంగతి తెలీదు. ఇంతవరకు కాగితం తప్ప దేన్నీ కొట్టలేదు, బొద్దింక కనిపిస్తే చీపురుతో బయటికి తోసేస్తుంది. పైడిరాజు పోయాక తిరుమలరావు తన లైసెన్సులో ఆమె పేరు కూడా రాయించాడు, నిన్న రేంజిలో రెండు స్కోపులతోనూ ఎక్కువ గుళ్ళు పేల్చింది ఆమే, ఆఖరి మూడూ ఒకదాని అంచుమీద ఒకటి పడ్డాయి. నువ్వే పేల్చు, నాకు భుజం నొప్పి, అన్నాడు తను. భుజం నొప్పి లేదు.

నిన్న మొదటి గుండు తనే పేల్చాడు. పెద్ద స్కోపు, పదహారు. లోపలి గురిగీతల్లో నిలువుగీత మధ్యలో, సరిగ్గా అడ్డగీతని దాటే చోట, చిన్న వంపు. వేడికి సాగిన సిగ్నల్ తీగెలాగ. స్కోపు చెడిందనుకున్నాడు, అలా అనుకోవడంలో ఎంత సుఖముందో అప్పుడే గమనించాడు. కాని ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు ఊరుకోదు కదా. స్కోపుని పట్టుల్లో వదులు చేసి పావువంతు తిప్పాడు. లోపం గాజుది అయితే వంపు గాజుతో తిరగాలి. తిరగలేదు. స్కోపుని అలాగే ఉంచి తల పక్కకి వంచాడు. వంపు తలతో వంగింది. చిన్న స్కోపులో చూశాడు, అక్కడా ఉంది. కుడికన్ను మూసి ఎడమకంటితో చూశాడు, రెండు గీతలూ తాళ్ళు కట్టినట్టు సూటిగా ఉన్నాయి. ఇంతకంటే శుభ్రమైన ప్రయోగం ఏ బళ్ళో చెయ్యరు. యాభై ఏళ్ళు కుడిభుజానికి అలవాటుపడ్డ శరీరంతో ఎడమవైపు నుంచి ప్రయత్నించాడు కూడా, అయిదు గుళ్ళూ అన్నం పళ్ళెమంత మేర చెదిరిపోయాయి. దీపావళి తర్వాత వార్తాపత్రికలో అక్షరాల వరస మధ్యలో కుంగినట్టు కనిపించినప్పుడే అచ్చు బాగోలేదని పత్రిక మీద పెట్టాడు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. పాము మంత్రానికి వెళ్ళేవాళ్ళని డాక్టరు దగ్గరికి వెళ్ళండని జీవితమంతా తిట్టిన మనిషి.

ఇప్పుడు అసలు విషయం దగ్గరికి వచ్చాడు, గంటసేపు దాని చుట్టూ తిరిగి. గీతని వంచి చూపు నడిమిని చెరిపేస్తున్న ఆ మచ్చ కంటిలో ఉంది కనక దాని పరిమాణం మారదు. ఒక రెట్టు మీద చూస్తే అది ముప్పై అయిదు మీటర్ల అవతల ఎలుగు తలనంతా మింగేస్తుంది. పదహారు మీద చూస్తే, తల పదహారింతలవుతుంది, మచ్చ అంతే ఉంటుంది, దాని కింద దాగేది ముక్కు కొనో కంటిమూలో, అంతకంటే ఎక్కువ కాదు, చెవి కనిపిస్తుంది. అందుకే చెయ్యి అటు వెళుతోంది. అడవికి కావలసింది ఒకటి. ఈ కంటికి కావలసింది పదహారు. పదహారు మీద ఎలుగు దొరకదు, దొరికినా బొచ్చే దొరుకుతుంది, ఒకటి మీద ఎలుగు దొరుకుతుంది, తల ఉండదు. ఒకటి నుంచి పదహారు దాకా ఉన్న స్కోపు తెచ్చినా తేడా లేదు, ఏ అంకె మీద ఉంచినా రెండిట్లో ఒకటి పోతుంది. ఈ సమస్యకి స్కోపులో జవాబు లేదు. నిన్న సాయంత్రమే తెలుసు. తెలిసి కూడా రాత్రి భోంచేశాడు, పొద్దున్న రైఫిల్‌కి నూనె రాశాడు, రెండు స్కోపులూ బల్లమీద పెట్టి, రెండిట్లో ఏది అని అచ్చియమ్మకి, తనకీ కూడా నాటకం ఆడాడు.

తనూజ చేత చంపించడం ఎందుకని వెళుతున్నాను. నిన్నట్నుంచి మనసులో తిరుగుతున్న వాక్యం ఇదే, వినడానికి బాగుంది, అందుకే అనుమానించవలసిన వాక్యం. ఆ పిల్ల చేతికి నెత్తురు అంటకూడదని తనకి నిజంగా ఉంది. కాని అది అడుగుపొర కాదు. అడుగున ఉన్నది, ఈసారి సరైన ఎలుగుని కొట్టాలన్న ఆశ. సరైనదాన్ని కొడితే పాతది ఏదో సర్దుకుంటుందన్న లెక్క. ఇద్దరు ఆడవాళ్ళు చచ్చిన అడవిని తన పాపం కడుక్కునే రేవు చేసుకోవడం. బైగా కోళ్ళు కోసిందీ ఇందుకే కదా. వాడు కోడితో పోనిచ్చాడు, తను అప్పుడు ఒక ఆడ ఎలుగుతో మొదలుపెట్టి ఇవాళ ఇంకోదానితో ముగిద్దామనుకుంటున్నాడు, దానికి చెవి ఉన్నా లేకపోయినా. ఆ చివరి మాట అనుకున్నాక తిరుమలరావుకి గదిలో చల్లగా అనిపించింది. కూలర్ వల్ల కాదు, నీళ్ళు అయిపోయి అది చాలాసేపటి నుంచి వేడిగాలే కొడుతోంది.

చిన్న స్కోపు తీసి రైఫిల్‌కి బిగించాడు. మీటలు నొక్కుకునే చప్పుడు రెండుసార్లు. పెద్దదాన్ని పెట్టెలో పెట్టి మూత వేశాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

జీపు వచ్చింది. తనూజ టోపీ తీసుకుంటూ లోపలికి వచ్చి, రైఫిల్‌నీ, తర్వాత అతని కాళ్ళనీ చూసింది.

"ఇంకా బూట్లు వేసుకోలేదేటి మావయ్యా? డ్రైవర్ భయ్యా అప్పుడే రెండుసార్లు గుట్కా ఉమ్మేడు. అరే, చిన్నది పెట్టేరే?"

"నేను రావడం లేదు."

"మజాక్ చెయ్యొద్దు."

చెప్పాడు. వంపు, తిప్పిన స్కోపు, వంచిన తల, ఎడమకన్ను, అన్నీ వరసగా, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు చదివినట్టు. అచ్చియమ్మ మజ్జిగ సీసాతో గుమ్మంలో నిలబడిపోయింది.

"ఎప్పట్నించి?" అంది.

"దీపావళి తర్వాత."

"మొన్న సూదిలో దారం ఎక్కించమంటే కళ్ళజోడు లేదన్నారు. జోడు మీ జేబులోనే ఉంది. నేను సూసేను" అని, ఆవిడ సీసా మూత గట్టిగా బిగించింది, అప్పటికే బిగించి ఉన్నదాన్ని.

తనూజ కుర్చీ చేతిమీద కూర్చుంది. "పోనీ ఇవాల్టికి ఆపీమని చెప్దామా? మీరు తప్ప ఈ డివిజన్లో ఎలుగుని కొట్టినోళ్ళు లేరు."

"నేను కొట్టింది వేరే ఎలుగుని" అన్నాడు తిరుమలరావు. "పదకొండేళ్ళ కిందట. స్కోపు తొమ్మిది మీద ఉండిపోయింది, బొచ్చు చూసి కొట్టాను. పొద్దున్న చూస్తే గోళ్ళు అన్నీ ఉన్నాయి. అదేనని సంతకం పెట్టాను. తర్వాత ఒకావిడ పోయింది."

బయట జీపు ఇంజను ఆగకుండా తిరుగుతోంది.

"నాన్నకి తెలుసా?"

"లేదు. నువ్వూ మీ అత్తయ్యా, మీరే మొదటివాళ్ళు. నువ్వు తిరిగి వచ్చాక ఆ సంగతి రాసి ఇస్తాను, ఎవరికి ఇవ్వాలో వాళ్ళకి."

తనూజ అతని ముఖంలోకి చూడలేదు. రైఫిల్ తీసుకుంది, బోల్టు వెనక్కి లాగి ఖాళీగా ఉందో లేదో వేలితో తడిమి చూసింది, మళ్ళీ మూసింది. పైడిరాజు కూడా అలాగే కంటితో చూసి ఊరుకునేవాడు కాదు.

"చెప్పండి. ఏటి చెయ్యాల?"

"ఒకటి మీద ఉంచు. రెండు కళ్ళూ తెరిచి ఉంచు. అది గట్టు దిగి నీళ్ళ దగ్గర ఆగాక, అప్పుడు మాత్రం ఆరుకి తిప్పు. తల తిప్పేదాకా ఆగు. ఎడమ చెవి లేదని నీకు కనిపిస్తే కొట్టు. ఉంటుందేమో అనిపిస్తే, లేదేమో అనిపిస్తే, కొట్టకు. దిగి వచ్చెయ్."

"వచ్చీసేక రేపు పొద్దున్న తునికాకుకి ఎల్లినోళ్ళని ఎవరినైనా చంపీసిందనుకోండి. నేను కొట్టీ ఉంటే బతికీవోళ్ళు. అప్పుడేటి, మావయ్యా?"

అతను వెతికాడు. డెబ్బై ఏళ్ళుగా చదివినవాటిలో, చెప్పినవాటిలో, చప్పట్లు కొట్టించుకున్నవాటిలో వెతికాడు. జవాబులాగ కనిపించేవి రెండు మూడు దొరికాయి. వాటిని ఆ పిల్లకి ఇవ్వడానికి మనసొప్పలేదు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు.

తనూజ అచ్చియమ్మ చేతిలోంచి సీసా తీసుకుని, రైఫిల్ భుజానికి తగిలించుకుని, ఎండలోకి వెళ్ళి జీపులో ముందు సీట్లో, అతని కోసం ఖాళీగా ఉంచిన చోట, కూర్చుంది.